తొమ్మిది కంప్యూటర్ల బలపరీక్ష

వెలగలంక పురపాలక సంఘంలో జనన మరణాల విభాగం మంగతాయారు చేతిమీదుగా నడుస్తుంది. ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, తాయారు కంప్యూటర్లో ఎక్కించేదాకా ప్రభుత్వం దృష్టిలో అది పుకారు కిందే లెక్క. ఆవిడ పదకొండేళ్ళుగా ఆ ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగి. కమిషనర్లు ఏడుగురు మారారు, పైకప్పు రెండుసార్లు మారింది, తాయారు మాత్రం తాత్కాలికంగా అక్కడే ఉంది. ఏటా మార్చిలో కమిషనరుగారు సంతకం పెడితే ఇంకో ఏడాది తాత్కాలికంగా ఉంటుంది.

ఒక సోమవారం పొద్దున్న పై ఆఫీసు నుంచి సర్క్యులరు వచ్చింది. ఇంగ్లీషులో పుట్టి, అనువాద విభాగంలో నలిగి, తెలుగులోకి వచ్చిపడిన కాగితం అది.

“కంప్యూటర్లలోని ప్రస్తుత నిర్వాహక వ్యవస్థకు తయారీ సంస్థ తన అధికారిక మద్దతును ఉపసంహరించుకొని యున్నందున, మద్దతు కోల్పోయిన కంప్యూటర్లను తక్షణమే విధుల నుండి తప్పించవలెను. స్థానిక సంస్థలు తమ తాహతుకు లోబడి, చౌకలో లభించు ప్రత్యామ్నాయ మద్దతును పది దినములలో సమకూర్చుకొనవలెను.”

తాయారుకి సంగతి అర్థమైంది. ఇన్నాళ్ళూ కొత్త వైరసు పుట్టినప్పుడల్లా కంపెనీ దానికో విరుగుడు పంపేది. ఇకనుంచి పంపదు. కంప్యూటరు రేపూ నడుస్తుంది, ఎల్లుండీ నడుస్తుంది. కాకపోతే గడియ లేని తలుపు పెట్టుకుని కాపురం చేసినట్టుంటుంది.

కమిషనరు భుజంగరావుగారికి మాత్రం ‘తక్షణమే’ అన్న మాట ఒక్కటే కనిపించింది. ఆయన స్వయంగా వెళ్ళి మెయిన్ స్విచ్చి కట్టేశారు. ఫ్యాన్లు కూడా ఆగిపోయాయి. తొమ్మిది కంప్యూటర్లకీ తొమ్మిది కాగితాలు అంటించారు: ‘విధుల నుండి తప్పించబడినది.’

“సార్, మూడు దార్లున్నాయండి,” అంది తాయారు, చెమట తుడుచుకుంటూ. “కొత్తవి కొనొచ్చు. లేదా కంపెనీకే డబ్బు కట్టి ఇంకో ఏడాది విరుగుళ్ళు తెప్పించుకోవచ్చు. అవి మన తాహతు కాదంటే, ఉచితంగా దొరికే వ్యవస్థ ఒకటుందండి. ప్రపంచంలో వేలమంది కలిసి తయారుచేసి ఊరికే ఇచ్చేస్తున్నారు. మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌కి అదే వేశాను. ఈ తొమ్మిదింటికీ కూడా సరిపోతుంది. పెన్‌డ్రైవు నా సంచిలోనే ఉంది. అడ్డం లేకుండా ఒక్క మధ్యాహ్నం ఇస్తే మొదలెట్టేస్తానండి.”

భుజంగరావుగారు కళ్ళజోడు తీసి ఆవిడని ఎగాదిగా చూశారు.

“ఉచితముగానా?”

“అవునండి.”

“కొనుగోలు నిబంధనలలో ఉచితము అను గడి లేదు.”

“మనం కొనట్లేదు కదండి.”

“కొననిచో ఎట్లు వచ్చినది? వచ్చినట్లు ఆధారము లేని వస్తువు కార్యాలయమున ఉండినచో ఆడిటు వారు దానిని ఏమందురు? దొంగసొత్తు అందురు. మూడు కొటేషన్లు తెప్పించుము.”

తాయారు ఊళ్ళో మూడు కంప్యూటర్ షాపులకీ తిరిగింది. ముగ్గురూ నవ్వి, లెటర్‌హెడ్ మీద సున్నా వేసి, సీలు గుద్ది ఇచ్చారు. మర్నాడు భుజంగరావుగారు మూడు సున్నాల్నీ బల్లమీద వరసగా పరిచి చాలాసేపు పరిశీలించారు.

“వీటిలో కనిష్ఠ సున్నా ఏది?”

“అన్నీ ఒకటేనండి.”

“కనిష్ఠ ధర తేలనిదే ఆమోదించుటకు వీలులేదు. పైగా ధరావతు ఎంత? సున్నాలో రెండున్నర శాతము. ఆ మొత్తమునకు డిమాండు డ్రాఫ్టు ఏ బ్యాంకు ఇచ్చును?” ఆయన ఫైలు కట్టేసి, పైన ‘సాంకేతికముగా అసాధ్యము’ అని రాశారు.

ఆ సమయానికి కౌంటరు దగ్గర మరిడమ్మ నిలబడి ఉంది. బస్టాండు పక్కన దిబ్బరొట్టెలు కాల్చి అమ్ముతుంది. ఆవిడ కూతురు పద్మజ బరువులెత్తే పోటీల్లో నెగ్గి, జిల్లా క్రీడా పాఠశాలలో సీటు తెచ్చుకుంది. పన్నెండేళ్ళు దాటలేదని జనన పత్రం చూపించాలి. శనివారం సాయంత్రం అయిదింటికి ఆఖరు.

“అమ్మాయిగారూ, ఆ పెట్టె ఒక్కసారి తెరిచి మా పిల్ల కాగితం తీసిచ్చేద్దురూ,” అంది మరిడమ్మ.

“దాన్ని విధుల నుంచి తప్పించారు మరిడమ్మా.”

“ఏం తప్పు చేసిందండీ?”

తాయారు, “రేపు రా,” అంది. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు తనకే సిగ్గేసింది. పదకొండేళ్ళలో ఆ మాట అనకుండా నెట్టుకొచ్చిన ఉద్యోగి ఆ ఆఫీసులో తనొక్కతే.

బుధవారం చైర్మన్ నూకరాజుగారు ఆఫీసుకొచ్చారు. నలభై ఏళ్ళ రాజకీయం, మూడు అవిశ్వాస తీర్మానాలు, లెక్కలేనన్ని క్యాంపులు చూసిన మనిషి. ముప్ఫై ఒక్క మంది కౌన్సిలర్లలో పదహారు మంది ఆయన వెనక, పదిహేను మంది ప్రతిపక్ష నాయకుడు బుల్లియ్య వెనక. ఆ ఒక్క మనిషి తేడా మూలంగా ఆయనకి నాలుగేళ్ళుగా కంటినిండా నిద్ర లేదు. ఆయన సర్క్యులరు అందుకుని, కళ్ళు చిట్లించి, ఒక్క మాట దగ్గర ఆగిపోయారు.

“మద్దతు ఉపసంహరించుకున్నాడా? ఎవడాడు?”

“తయారీ సంస్థ అండి,” అన్నారు భుజంగరావుగారు.

“మన కంప్యూటర్లకా? మన ఊరి తిండి తిని, మన కరెంటు తాగి బతుకుతున్నవాటికా?” నూకరాజుగారు లేచి నిలబడ్డారు. “మద్దతు తీసేస్తే గవర్నమెంట్లే పడిపోతాయి, ఇవెంతండీ పాపం! ఆడు తీసేస్తే మనం లేమా? కౌన్సిల్ పిలవండి. పదహారు మందీ మద్దతిచ్చేస్తాం. ఖర్చేముంది, చెయ్యెత్తడవే కదా!”

సర్క్యులరులో చౌకలో అని ఉంది. ఇంతకన్నా చౌక లేదు. భుజంగరావుగారి ముఖం మూడు రోజుల తర్వాత మొదటిసారి విప్పారింది.

తాయారు ఉండబట్టలేక ముందుకొచ్చింది. “చైర్మన్‌గారూ, ఈ మద్దతు ఆ మద్దతు కాదండి.”

“అమ్మా తాయారూ,” అన్నారాయన జాలిగా. “మద్దతుల్లో రకాలు నాకు చెబుతావా? బయటనుంచి మద్దతు, షరతుల మద్దతు, అంశాలవారీ మద్దతు, నైతిక మద్దతు... అన్నీ ఇచ్చాను, అన్నీ పుచ్చుకున్నాను. నువ్వు కూచో.”

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం జరిగింది. ‘తొమ్మిది కంప్యూటర్లకు ఈ సభ సంపూర్ణ మద్దతు తెలుపుచున్నది’ అని తీర్మానం చదివారు. పదహారు చేతులు లేచాయి. బల్లలు చరిచారు. ఒకాయన కంప్యూటర్లు వర్ధిల్లాలన్నాడు. అంతటితో అయిపోయేదే, కానీ బుల్లియ్య లేచాడు.

“అధ్యక్షా, మీరు మద్దతిచ్చారు సరే. అవి మీ మద్దతు పుచ్చుకుంటాయని ఎవరన్నారు? తొమ్మిదిట్లో నాలుగు నా హయాంలో కొన్నవి. వాటి మనసు నాకు తెలుసు. ఇంకొక్కటి ఇటొచ్చిందంటే అయిదు. మెజారిటీ కంప్యూటర్లు మావైపు ఉన్నప్పుడు మీరా కుర్చీలో ఎలా కూచుంటారండీ? బలం నిరూపించుకోండి!”

నూకరాజుగారు కమిషనరు వంక చూశారు. భుజంగరావుగారు పురపాలక చట్టం మొదటినుంచి చివరిదాకా తిరగేశారు. అందరూ ఒక టీ, రెండు సమోసాలు పూర్తిచేసేదాకా తిరగేశారు.

“కంప్యూటర్ల బలపరీక్ష జరుపరాదని చట్టమున ఎచ్చటను కానరాలేదు,” అన్నారు చివరికి. “నిషేధము లేదు గనుక అనుమతి ఉన్నట్లే. సోమవారము ఉదయము పదకొండు గంటలకు, సభామందిరమున.”

నూకరాజుగారికి చెయ్యాల్సిన పనేమిటో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గురువారం పొద్దున్నే ఆఫీసు ముందు ఏసీ బస్సు ఆగింది.

తొమ్మిది కంప్యూటర్లనీ దుప్పట్లు చుట్టి సీట్లలో కూర్చోబెట్టి బెల్టులు కట్టారు. బుల్లియ్య హయాంలో కొన్న నాలుగింటినీ విడివిడిగా, మధ్యమధ్య నమ్మకస్తులైన కౌన్సిలర్లని పెట్టి కూర్చోబెట్టారు. ప్రింటరుకి ఓటు లేదని ఎవరో అంటే, “కుటుంబసభ్యుల్ని తీసుకురావద్దని ఎప్పుడన్నాం?” అని చైర్మన్‌గారు దాన్నీ ఎక్కించారు. భుజంగరావుగారు ‘ప్రయాణ పర్యవేక్షణాధికారి’గా ముందు సీటులో కూర్చున్నారు. తాయారుని ‘కంప్యూటర్ల సహాయకురాలు’గా నియమిస్తూ దారిలోనే ఉత్తర్వు రాసిచ్చారు. పదకొండేళ్ళలో ఆవిడకి దొరికిన మొదటి పదోన్నతి అదే.

రిసార్టు సముద్రం ఒడ్డున ఉంది. గదికి రెండేసి కంప్యూటర్ల చొప్పున సర్దారు. తొమ్మిదోది ఒంటరిగా బెంగపెట్టుకుంటుందని ప్రింటరుని దానికి తోడిచ్చారు. నూకరాజుగారు ఒక్కో గదీ తనిఖీ చేసి, క్యాంపు నియమాలు చదివారు.

“బయటివాళ్ళతో మాటామంతీ లేదు. ఫోన్లు తీసేసుకోండి.”

“వాటికి ఫోన్లుండవండి,” అంది తాయారు. “ఇంటర్నెట్ ఉంటుందంతే.”

“అదే తీసేసుకోండి. బుల్లియ్యగాడు దాంట్లోంచే వాటితో బేరాలాడతాడు. తాయారు తప్ప ఇంకెవ్వరూ గదుల్లో అడుగుపెట్టకూడదు!”

విరుగుళ్ళు అందని కంప్యూటరుని ఇంటర్నెట్‌కి దూరంగా ఉంచమనేది ఎవరైనా చెప్పే మొదటి జాగ్రత్త. ఆఫీసులో సోమవారంనుంచి ఎవరూ వినని ఆ ముక్క చైర్మన్‌గారు దారి తప్పి వచ్చి చేసేశారు.

కౌన్సిలర్లు రొయ్యల వేపుడు తిని పేకాటకి కూర్చున్నారు. మధ్యాహ్నమైంది. వరండా చల్లగా ఉంది. అడిగేవాళ్ళు లేరు, కౌంటరు లేదు, గంట లేదు. తాయారు ఒంటరిగా మంచంమీద కూర్చుని ఎదురుగా ఉన్న రెండు కంప్యూటర్ల వంక చూసింది. అవీ ఆవిడ వంక చూసినట్టే ఉన్నాయి.

సంచిలో పెన్‌డ్రైవు ఉంది. కానీ భయం కూడా ఉంది. అనుమతి లేకుండా ముట్టుకున్నట్టు తేలితే మార్చిలో సంతకం పడదు. ఇంటి దగ్గర చదువుకునే పిల్లలిద్దరున్నారు. మొగుడి లారీ కిరాయి ఒక నెలుంటే ఒక నెల ఉండదు. ఆవిడ పెన్‌డ్రైవు తీసింది, మళ్ళీ సంచిలో వేసేసింది.

అప్పుడు ఫోను మోగింది. మరిడమ్మ.

“అమ్మాయిగారూ, ఆఫీసుకెళ్తే తాళం వేసుందండీ. పెట్టెలన్నీ షికారెళ్ళాయంటున్నారు. మా పిల్ల రాత్రినించీ అన్నం ముట్టట్లేదండి. ‘సీటు పోతే పోయిందిలే అమ్మా, రొట్టెల పిండి నేను రుబ్బుతాలే’ అంటందండి. బరువులెత్తే చేతులండీ అవి... నేనేం చెయ్యమంటారు?”

“శనివారం పొద్దున్నే ఇక్కడికొచ్చెయ్యి,” అంది తాయారు. అన్నాక తనేమందో తనకి తెలిసింది. తలుపు గడియ వేసింది.

ముందు జనన మరణాల రిజిస్టరు మొత్తం వేరే డిస్కులోకి ఎక్కించి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది. తర్వాత మొదటి కంప్యూటరులో పెన్‌డ్రైవు పెట్టింది. తెర నల్లబడింది. తెల్ల అక్షరాలు చీమల్లా పరిగెత్తాయి. ఊరందరి పుట్టుకలూ చావులూ తన గుప్పిట్లో ఉన్నట్టనిపించింది తాయారుకి. అరగంట తర్వాత తెరమీద ఒక తెల్లకొంగ బొమ్మ ప్రత్యక్షమైంది, నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడి, ‘ఏంటమ్మా సంగతి’ అన్నట్టు. రిజిస్టరు తెరిచింది. పద్మజ పేరు కొట్టింది. వచ్చింది! తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, చెక్కుచెదరకుండా. పైగా ఇదివరకు తెరుచుకోడానికి ఒక టీ తాగొచ్చేంత సమయం తీసుకునే ముసలి కంప్యూటరు ఇప్పుడు చిటికెలో తెరుచుకుంటోంది. తాయారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మంచంమీద వెల్లకిలా పడి, తనలో తనే పకపకా నవ్వింది. శుక్రవారం సాయంత్రానికి తొమ్మిది తెరలమీదా తొమ్మిది కొంగలు నిలబడ్డాయి.

శనివారం పొద్దున్న మరిడమ్మ ఆటోలో దిగింది. గేటు దగ్గర కాపలా ఉన్న ఇద్దరు కౌన్సిలర్లు ఆమెని బుల్లియ్య పంపిన మనిషనుకుని ఆపేశారు. బుట్ట తనిఖీ చేశారు. అందులో రహస్య సందేశాలేమీ లేవని తేల్చుకోడానికి ఆరు రొట్టెలు తిన్నారు. తాయారు పరిగెత్తుకొచ్చి విడిపించింది. పత్రం అప్పటికే అచ్చువేసి ఉంచింది. కావలసింది కమిషనరుగారి సంతకమే.

భుజంగరావుగారు స్విమ్మింగ్ పూల్ ఒడ్డున, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని ఫైళ్ళు చూస్తున్నారు. పక్క కుర్చీలో చైర్మన్‌గారు కొబ్బరినీళ్ళు తాగుతున్నారు. కమిషనరుగారు పత్రాన్ని వేళ్ళ చివర్లతో పట్టుకున్నారు.

“ఇది ఎచ్చటినుండి ఉద్భవించినది? మద్దతు కోల్పోయిన కంప్యూటరు నుండి వెలువడిన పత్రముపై నేను సంతకము చేసినచో...”

“దానికి ఇప్పుడు మద్దతుందండి,” అంది తాయారు. “వేలమంది ఇస్తున్నారండి.”

కొబ్బరిబోండం చైర్మన్‌గారి నోటి దగ్గరే ఆగిపోయింది. “వేలమందా? ఏ వార్డువాళ్ళు?”

“అన్ని దేశాల్లోనూ ఉన్నారండి. కొత్త వైరసు ఏదొచ్చినా వాళ్ళే విరుగుడు రాసి పంపిస్తారు.”

“ఏం అడుగుతున్నారు? పదవులా? కాంట్రాక్టులా?”

“ఏమీ అడగరండి.”

“తర్వాత అడుగుతారా?”

“తర్వాత కూడా అడగరండి.”

నూకరాజుగారు బోండం కింద పెట్టారు. “నలభై ఏళ్ళమ్మా,” అన్నారు మెల్లగా. “ఏమీ అడక్కుండా మద్దతిచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూళ్ళేదు. మా తోడల్లుడు కూడా స్టాండింగ్ కమిటీ అడిగాడు.” కండువాతో కళ్ళు ఒత్తుకుని, కమిషనరు వైపు తిరిగారు. “వేల మెజారిటీ అండీ! పెట్టండి సంతకం!”

భుజంగరావుగారు పెట్టారు. మరిడమ్మ పత్రాన్ని కొంగులో చుట్టుకుని, తాయారు రెండు చేతులూ పట్టుకుని ఏదో అనబోయి, అనలేక, బుట్టలో మిగిలిన రొట్టెలన్నీ ఆవిడ ఒళ్ళో పోసేసి ఆటో ఎక్కింది. నాలుగున్నరకి ఫోనొచ్చింది: “తీసుకున్నారండీ! ఇప్పుడు తింటందండి, మూడో రొట్టె!”

సోమవారం పదకొండింటికి సభామందిరంలో తొమ్మిది కంప్యూటర్లనీ వరసగా నిలబెట్టారు. గ్యాలరీ కిక్కిరిసింది. తాయారు ఒక్కొక్కటే ఆన్ చేసింది. ఒక కొంగ, రెండు కొంగలు, తొమ్మిది కొంగలు!

బుల్లియ్య కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. “ఇదేంటిది? వెళ్ళేటప్పుడు నీలం తెర! వచ్చేటప్పుడు కొంగ గుర్తు! కొంగ గుర్తు ఎవరిదయ్యా? పార్టీ ఫిరాయించాయి అధ్యక్షా! తొమ్మిదీ ఫిరాయించాయి! అనర్హత వెయ్యండి!”

కొంగ గుర్తు పార్టీ పేరు నూకరాజుగారూ ఎప్పుడూ వినలేదు. కంప్యూటర్లని అనర్హుల్ని చేసి, మూటగట్టి, గోదాములో పడెయ్యాలని అటూ ఇటూ కేకలు లేచాయి. తాయారు రెండు రోజుల కష్టం తన కళ్ళముందే గోదాముకి పోతోంది. ఆవిడ కమిషనరుగారి దగ్గరికి వెళ్ళి వంగి, చెవిలో ఒక్క ప్రశ్న అడిగింది.

“సార్, ఒకటో రెండో వెళ్తే ఫిరాయింపు. అన్నీ కలిసికట్టుగా వెళ్తే ఏమంటారండీ?”

భుజంగరావుగారు ఆవిడ వంక తేరిపార చూశారు. తర్వాత లేచి గొంతు సవరించుకున్నారు. ఆయన జీవితంలో అంత స్పష్టంగా ఎప్పుడూ మాట్లాడలేదు.

“సభ్యులలో మూడింట రెండు వంతులకు తగ్గకుండ వేరొక పక్షమున చేరినచో అది ఫిరాయింపు కాదు. విలీనము. తొమ్మిదింటికి తొమ్మిది చేరినవి. కావున ఇది సంపూర్ణ, చట్టబద్ధ విలీనము. కంప్యూటర్లు తక్షణమే విధులలో చేరవలెను.”

గ్యాలరీలో చప్పట్లు మోగాయి. బుల్లియ్య కొంగ గుర్తు పార్టీతో పొత్తుకి తానూ సిద్ధమని అక్కడికక్కడే ప్రకటించాడు.

భుజంగరావుగారు పై ఆఫీసుకి నివేదిక పంపారు. ‘మద్దతు కోల్పోయిన కంప్యూటర్లను మూడు దినములు సముద్రతీరమున ఉంచగా, తొమ్మిదియు సంపూర్ణ స్వస్థతతో, మునుపటికంటె చురుకుగా తిరిగివచ్చినవి. వ్యవస్థకైన వ్యయము: లేదు.’ పెన్‌డ్రైవు సంగతి అందులో లేదు. అది ఏ రిజిస్టరులోనూ నమోదైన వస్తువు కాదు మరి. పై ఆఫీసు ఆ పద్ధతిని ఆదర్శంగా గుర్తించి, అన్ని పురపాలక సంఘాలూ తమ కంప్యూటర్లని దగ్గర్లోని జలవనరు ఒడ్డుకి తీసుకెళ్ళాలని సర్క్యులరు జారీచేసింది. సముద్రం లేని జిల్లాలవాళ్ళు రిజర్వాయరు వాడుకోవచ్చన్నారు. రోడ్లమీద ఏసీ బస్సుల కిటికీల్లోంచి దుప్పట్లు కప్పుకున్న కంప్యూటర్లు కనిపించసాగాయి.

ఒక మధ్యాహ్నం తాయారు కౌంటరులో ఫోను మోగింది. ఎక్కడో మెట్ట ప్రాంతపు మున్సిపాలిటీ నుంచి ఆపరేటరు, పేరు హైమవతి. తనది కూడా తాత్కాలిక ఉద్యోగమేనట, తొమ్మిదేళ్ళుగా.

“అక్కా, మావాటిని రేపు తీసుకెళ్తన్నారండి. నీళ్ళ వైపు గదులు మంచివా, తోట వైపు గదులా? మా కమిషనరుగారు కనుక్కోమన్నారు.”

“ఏ వైపైనా పరవాలేదమ్మా.”

గొంతు బాగా తగ్గించి హైమవతి అడిగింది. “నిజంగా దేనివల్ల బాగయ్యాయక్కా?”

తాయారు చుట్టూ చూసి, రిసీవరు చేత్తో కప్పుకుంది. “అడ్డొచ్చేవాళ్ళు లేకుండా ఒక మధ్యాహ్నం దొరికింది. అంతే.”

“ఆఫీసులో ఇమ్మని నేనూ అడిగానక్కా. నాలుగుసార్లు.”

“నేనూ అడిగానమ్మా,” అంది తాయారు. “నువ్వు మాత్రం బస్సు ఎక్కడం మానకు.”